ఏటిగట్టు ముంగిస, తాడిచెట్టు గిజిగాడు

మా ఇంట్లో తాతయ్య ముంగిస వైపు మాట్లాడేవారు, నాయనమ్మ గిజిగాడి వైపు. రాత్రి భోజనాల దగ్గర మొదలైన వాదన ఒక్కోసారి మర్నాడు పశువులకు కుడితి పెట్టేవరకూ సాగేది. ఆయన ఒక మాట అనడం, ఆవిడ వంటింట్లోంచే జవాబు చెప్పడం, మధ్యలో పీట మీద కూర్చుని నేను వినడం. ఇప్పుడు తలచుకుంటే ఆ ఇంట్లో నేను నేర్చుకున్న మొదటి చదువు అదే.

మా ఊరు కోనసీమలో, గన్నవరం అక్విడక్టుకు దిగువన, వైనతేయ ఒడ్డున. ఇంటి వెనుక కొబ్బరితోట. తోట దాటితే ఏటిగట్టు. గట్టుకు అవతల లంక, ఇవతల వరిచేలు. చేల మధ్య పంటబోదె, బోదె వెంట తాడిచెట్ల వరుస. ముంగిస గట్టుది, గిజిగాడు తాడిచెట్టుది. రెంటికీ మధ్య ముప్పై నలభై అడుగుల ఎత్తు తేడా. నా చిన్నతనమంతా ఆ ఎత్తులోనే పైకీ కిందికీ చూస్తూ గడిచింది.

తాతయ్య వాదన అంతా వరిగింజ చుట్టూ తిరిగేది. సార్వా వెన్ను తీసిన దగ్గర నుంచి ఆయనకు నిద్ర ఉండేది కాదు. పొలం ఎలుకలు వరిదుబ్బులు కొరికి, వెన్నులు మోసుకుపోయి గట్ల కన్నాల్లో దాచుకునేవి. కోతలయ్యాక ఆయన పలుగుతో గట్టు తవ్వించి నాకు చూపించేవారు. ఒక్కో కన్నంలో దోసిళ్ల కొద్దీ వెన్నులు, ఎవరో చేతితో సర్దినట్టు వరుసగా ఉండేవి. ఊళ్లో ఎలుక బుట్టలు పెట్టేవాళ్లను పిలిచి కూలి ఇచ్చేవారు. మా ఉత్తరపు గట్టు మీద మాత్రం బుట్ట పెట్టనిచ్చేవారు కాదు. "అక్కడ ముంగిస కాపురం ఉంది. దాని జీతం అది తీసుకుంటుంది" అనేవారు. ఆ గట్టు మీద పెరిగిన తుంగనూ జమ్మునూ కూడా కోయనిచ్చేవారు కాదు. పొద్దున్నే పొలానికి వెళుతున్నప్పుడు ముంగిస అడ్డంగా దాటితే ఒక్క క్షణం ఆగి, ఆ రోజు పని కలిసొస్తుందని చెప్పి, మళ్లీ నడిచేవారు.

నాయనమ్మ దగ్గర ఆ ముంగిసకు మర్యాద లేదు. ఆవిడ కోళ్లు పెంచేది. గంప కింద పొదిగించిన పిల్లలు పది ఉంటే, నెల తిరిగేసరికి ఆరు మిగిలేవి. ఇక గుడ్ల సంగతి సరేసరి. ముంగిస తిన్న గుడ్డును నాయనమ్మ చూడగానే గుర్తుపట్టేది. కుక్క తింటే పెంకు చితికిపోతుంది. ముంగిస గుడ్డును ముందుకాళ్ల మధ్య పట్టుకుని, ఒక కొన దగ్గర చిన్న చిల్లు చేసి లోపలిది జుర్రుకుని, మిగతా పెంకును అలాగే వదిలేస్తుంది. గాదె పక్కన తెల్లగా, నిండుగా కనిపించే గుడ్డును నేను ఆశగా చేతిలోకి తీసుకుంటే, దూదిలా తేలిపోయేది. "దీని మూతి కాలిపోను! నా గుడ్డు మీదే పడిందా దీని కన్ను!" అని నాయనమ్మ గట్టు వైపు తిరిగి కేకలు పెట్టేది. ఆ కేక మూడిళ్ల అవతలికి వినిపించేది.

గిజిగాడు అనగానే ఆవిడ గొంతు మారిపోయేది. "పది వేళ్లున్న మనుషులం, ఒక వల అల్లాలంటే దబ్బనం కావాలి, దారం కావాలి, చెప్పేవాడు కావాలి. అది ముక్కు ఒక్కదానితో అల్లుతోంది" అనేది. ఏటా కుప్పనూర్పిడికి ముందు మంచి వెన్నులు ఏరించి, కుచ్చు కట్టించి, వీధి అరుగు మీద దూలానికి వేలాడదీసేది. పిచ్చుకలు వచ్చేవి, వాటితో కలిసి గిజిగాళ్లూ వచ్చేవి. ఆ కాలానికి మగవాటి నెత్తిమీది పసుపు పోయి అన్నీ పిచ్చుకల్లాగే ఉండేవి. ఏది ఏదో నాయనమ్మ ఒక్కతే చెప్పగలిగేది.

"నీ గిజిగాడు నా చేలో పాలు పోసుకునే గింజను పీల్చేస్తోంది. అది నీకు కనిపించదు" అనేవారు తాతయ్య.

"పిల్లలకు పురుగులు తెచ్చి పెడుతోంది. అది మీకు కనిపించదు" అనేది నాయనమ్మ.

ఇద్దరూ చెప్పింది నిజమే. నేను రెండూ కళ్లారా చూశాను. ఎందుకంటే పాలు పోసుకునే దశలో పిట్టల్ని తోలడం నా పని. బడికి వెళ్లేలోపు, తెల్లవారుజామున, గట్టు మీద కూర్చుని పాత నూనె డబ్బా వాయించాలి. డబ్బా మోగినప్పుడు మంద లేచి తాడిచెట్ల మీదికి వెళ్లేది. చెయ్యి నొప్పెట్టి ఆపితే మళ్లీ దిగేది. డబ్బా ఆగిన ఆ కాసేపట్లోనే నేను రెంటినీ చూడటం నేర్చుకున్నాను.

ముంగిస ఎండ పొడ పడ్డాక గానీ బయటికి రాదు. రాత్రి తిరిగే జంతువు కాదు. తల, ఒళ్లు, తోక ఒకే గీతలా నేలకు ఆనించి, గడ్డిని కదపకుండా జారిపోయేది. కనిపించిన ప్రతి కన్నంలో మూతి పెట్టి చూసేది. ఉన్నట్టుండి వెనుక కాళ్ల మీద నిటారుగా లేచి, నా వైపు చూసి, మళ్లీ దిగిపోయేది. ఒకసారి బాగా దగ్గరకు వచ్చింది. దాని కంటిపాప పిల్లి కంటిపాపలా నిలువుగా లేదు. అడ్డంగా, మేక కంటిలో ఉన్నట్టు ఉంది. ఆ సంగతి ఇంటికి వెళ్లి చెబితే, ఇన్నేళ్లుగా రోజూ చూస్తున్నా అది తాను గమనించలేదని తాతయ్య అన్నారు. ఆ రోజు నాకు కలిగిన గర్వం ఇప్పటికీ గుర్తుంది.

ధర్మరాజు అశ్వమేధం చేశాక, సగం ఒళ్లు బంగారమైన ముంగిస ఒకటి యాగశాలకు వచ్చిందన్న కథ తాతయ్య తరచూ చెప్పేవారు. కరువులో ఆకలితో ఉండి కూడా ఒక పేద బ్రాహ్మణుడి కుటుంబం ఉన్న పేలపిండిని అతిథికి పెట్టేసిందట. అక్కడ రాలిన పిండిలో దొర్లితే దానికి సగం ఒళ్లు బంగారమైందట. రెండో సగం కోసం అది యాగాలన్నీ తిరుగుతోందట. మా గట్టు ముంగిస మీద నేను ఆ బంగారం కోసం వెతికేవాణ్ని. దాని ప్రతి వెంట్రుక మీదా లేతరంగు, ముదురురంగు పట్టీలు మారి మారి ఉంటాయి. ఏటవాలు ఎండ పడితే ఒళ్లంతా మెరిసేది. నాకు అది చాలు.

చాలా ఏళ్ల తర్వాత, ఒక పట్నంలో, మా అమ్మాయికి బొమ్మలు వేసుకునే కుంచెలు కొనడానికి వెళితే, దుకాణదారు లోపలి నుంచి ఒక కట్ట తెచ్చి "ఇవి అసలైనవి" అని గొంతు తగ్గించి చెప్పాడు. కొన లేతగా, నడుమ ముదురుగా ఉన్న ఆ వెంట్రుకలను చూడగానే పోల్చుకున్నాను. ముంగిసను చంపితేనే ఆ కుంచె వస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని వేటాడటం, దాని వెంట్రుకలతో వ్యాపారం చేయడం నేరం. ఆ మాట చెప్పి బయటికి వచ్చేశాను. దారి పొడవునా మా అమ్మాయి ఏమైందని అడుగుతూనే ఉంది. ఉత్తరపు గట్టు గురించి దానికి మొదటిసారి చెప్పింది ఆ రోజే.

పాము సంగతి అడగని వాళ్లు లేరు. నిజానికి నేను పాముతో దాని పోరు ఒక్కసారే చూశాను. చిన్న తాచు. రెండు నిమిషాల్లో అయిపోయింది. ముంగిస వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకుని రెండింతలైనట్టు కనిపించింది, పాము రెండుసార్లు కాటు వేయబోయి గాలిలోనే తప్పింది. ముంగిస ఏదో వేరు తిని విషాన్ని విరుచుకుంటుందని ఊళ్లో అనేవారు. వేరేమీ లేదు. తాచు విషం నరాల నుంచి కండరాలకు సంకేతం అందే చోట అతుక్కుని ఒంటిని చచ్చుబడిపోయేలా చేస్తుంది. ముంగిస ఒంట్లో ఆ అతుక్కునే చోటు కట్టుబడే కాస్త తేడాగా ఉంటుంది, విషం అక్కడ సరిగా పట్టుకోలేదు. అలాగని దానికి చావు లేదని కాదు. ఎక్కువ విషం ఎక్కితే అదీ పోతుంది. దాన్ని కాపాడేది ముందు దాని వేగమే.

గిజిగాడి పని మాత్రం నేను రోజుల తరబడి చూశాను. వానలు పట్టగానే మగవాటి నెత్తి, రొమ్ము పసుపు తిరిగేవి. వరి ఆకు అంచును మొదట్లో ముక్కుతో గాటు పెట్టి, ఆ కొన పట్టుకుని ఎగిరేది. ఎగురుతున్నకొద్దీ ఆకు నిలువునా చీలి, జానెడు, రెండు జానెల పోచ దాని ముక్కున వేలాడేది. దాన్ని తాటాకు కొనకు ముడి వేసేది. నిజమైన ముడి. లోపలికి దూర్చి, చుట్టూ తిప్పి, లాగి బిగించేది. ముందు ఒక వలయం, తర్వాత బోర్లించిన బుర్రలాంటి సగం గూడు. అక్కడ ఆపేసి, దానికి వేలాడుతూ రెక్కలు కొట్టుకుంటూ గోల చేసేది. శాస్త్రంలో దాన్ని గానపక్షుల్లోనే లెక్కవేస్తారు. అయినా ఒక్కటిగా వింటే అది పాటలా ఉండదు. ఇరవై ముప్పై మగపిట్టలు ఒకేసారి చిట్‌చిట్ మంటూ, చివర సన్నని ఈలలా సాగదీస్తుంటే, వాన వెలిసిన పొద్దున, ఆ తాడిచెట్టు చెట్టంతా పాడుతున్నట్టు ఉండేది.

ఆడపిట్టలు వచ్చి ఆ సగం గూళ్లను చూసేవి. పోచలు లాగి చూసేవి. నచ్చితే ఉండేవి, లేకపోతే పక్క గూటికి వెళ్లేవి. నచ్చిన గూటికే మగపిట్ట అడుగు కట్టి, పొడవాటి గొట్టం దించేది. నచ్చనివి ఆ ఏడంతా సగంగానే వేలాడేవి. ఒక పొద్దున ఒక్క పిట్ట ఎన్నిసార్లు పోచ తెస్తోందో నోటుపుస్తకం వెనుక గీతలు పెట్టి నూట పన్నెండు వరకూ లెక్కపెట్టాను. ఈలోగా బడి గంట కొట్టేశారు. పూర్తి గూటికి ఐదువందల దాకా తిరుగుళ్లు అవసరమవుతాయని, సుమారు పద్దెనిమిది రోజులు పడుతుందని పెద్దయ్యాక చదివాను. పాతిక గ్రాములు కూడా తూగని పిట్ట! ముంగిస కిలో పైమాటే. ఒక ముంగిసను తూచాలంటే రెండో తట్టలో యాభై గిజిగాళ్లను పెట్టాలి.

గూటి లోపల గిజిగాడు బంకమట్టి అతికించి, అందులో మిణుగురు పురుగును గుచ్చి దీపం పెట్టుకుంటుందని నాయనమ్మ చెప్పేది. కల్లు గీసే బాబాయి మోకు వేసుకుని చెట్టెక్కేటప్పుడు, కింద రాలిన గూళ్లను నా కోసం ఏరి పెట్టేవాడు. చెట్టు మీద ఉన్నవాటిని మాత్రం ముట్టేవాడు కాదు. రాలిన గూడు చీల్చి చూశాను. మట్టి ఉంది, ఎండి గట్టిపడి, గోరంత గోరంత ముద్దలుగా. మిణుగురు లేదు. నాయనమ్మకు ఆ మాట చెప్పలేదు.

ఇంకో సంగతి చెప్పాను, కాలేజీ రోజుల్లో. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1930 ప్రాంతంలో బొంబాయి దగ్గర కిహిం అనే సముద్రతీరపు ఊళ్లో ఈ పిట్టల్ని నెలల తరబడి గమనించి, మగ గిజిగాడు ఒక ఆడపిట్టకు గూడు పూర్తిచేసి ఇచ్చాక, పక్కనే ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపిట్టను పిలుస్తుందని కనిపెట్టాడు. పొదగడం ఆడపిట్ట పనే, పిల్లల్ని సాకే భారంలోనూ ఎక్కువ వాటా దానిదే. నాయనమ్మకు కష్టం కలుగుతుందేమో అనుకుంటూనే చెప్పాను. ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరడం ఆపి కాసేపు ఊరుకుంది. "అదా సంగతి. పిల్లల నోట్లో పెట్టడానికి వచ్చేది ఎప్పుడూ పసుపు లేని పిట్టే. నేను ఎన్నేళ్లుగానో అనుకుంటూనే ఉన్నాను" అంది. శాస్త్రవేత్త కిహింలో చూసింది ఆవిడ మా అరుగు మీద నుంచి చూసింది. ఆ మాట విన్నాక ఆవిడ పక్కన కూర్చుని నేను కూడా రాళ్లు ఏరాను.

ఇప్పుడు వరద సంగతి చెప్పాలి. 1986 ఆగస్టు. ధవళేశ్వరం దగ్గర నీరు పెరుగుతోందని రేడియోలో చెబుతూనే ఉన్నారు. లంకలో మా పశువుల పాక ఉంది, దాని పక్కన గడ్డిమేటు. పశువుల్ని తోలుకొచ్చి ఏటిగట్టు మీద కట్టేశాం. ఊరు ఊరంతా గట్టు మీదే, బరకాల కింద. ఎర్రటి నీరు లంకను ముంచి, పాక చూరు అంటుకుని, గడ్డిమేటు నడుముదాకా వచ్చింది.

మధ్యాహ్నం వేళ గడ్డిమేటు మీద ఏదో కదిలింది. ముంగిస. నోట్లో పిల్ల. మెడ మీది చర్మం పట్టుకుని, నీళ్లలోకి దిగింది. మేటుకూ గట్టుకూ మధ్య ముప్పై గజాల నీరు, అదీ పక్కకు లాగేస్తున్న నీరు. తల ఒక్కటే పైకి పెట్టి, ఏటవాలుగా కొట్టుకుంటూ వచ్చి, మాకు దిగువన గట్టు రాళ్లు పేర్చిన చోట ఎక్కింది. అప్పుడే మా కుక్క చూసింది.

నేను కదిలేలోగా నాయనమ్మ కదిలింది. రెండు చేతులతో కుక్క మెడ పట్టుకుని, నేలకు అదిమి, దాని మీద సగం పడుకున్నట్టు వంగిపోయింది. "పిల్లల తల్లిరా. పోనివ్వండి దాన్ని" అని అరిచింది. చుట్టూ ఉన్నవాళ్లు తమ కుక్కల్ని పట్టుకున్నారు. ముంగిస పిల్లను రాళ్ల సందులో పెట్టి, మమ్మల్ని ఒక్కసారి చూసి, మళ్లీ నీళ్లలో దిగింది. అలా మూడుసార్లు. మూడోసారి వచ్చేటప్పటికి మేటు పక్కకు ఒరిగిపోతోంది. నాయనమ్మ చేతుల మీద కుక్క గోళ్లు గీరిన చారలు నెత్తురు చిమ్ముతున్నాయి. తాతయ్య తన తలగుడ్డ విప్పి ఆవిడకు చుట్టారు. ఇద్దరూ మాట్లాడుకోలేదు. మర్నాడు పొద్దున చూస్తే రాళ్ల సందు ఖాళీగా ఉంది.

లంక చివరి తాడిచెట్ల గుంపు మీద గిజిగాళ్లకు ఏ తడీ తగల్లేదు. గొట్టాల కింద గోదావరి వెళ్లిపోతుంటే అవి మామూలుగా తిరుగుతున్నాయి. అంత నీటి మధ్యలో వాటి గోల వింటుంటే నాకు ధైర్యంగా ఉండేది. ఎంత తెలివైన పిట్ట, ఎక్కడ కట్టుకోవాలో తెలుసు అనుకున్నాను. నీరు తీయడం మొదలయ్యాక మూడో రోజున ఒడ్డు కోత పడింది. వరద పెరిగేటప్పటి కంటే తగ్గేటప్పుడే లంక ఎక్కువ తెగుతుంది, మా వాళ్లందరికీ తెలిసిన సంగతే. ముందు ఒక చెట్టు, తర్వాత ఇంకొకటి, నెమ్మదిగా ఒరిగి, ఇరవై గూళ్లతో సహా నీటిలో వాలిపోయాయి. ఆడపిట్టలు సాయంత్రం వరకూ ఆ ఖాళీ చోట తిరుగుతూనే ఉన్నాయి. నాయనమ్మ బరకం కిందికి వెళ్లి ఇటు వీపు పెట్టి పడుకుంది.

పై ఎత్తున ఉన్నది పోయింది. నేల కన్నంలో ఉన్నది దాటుకుంది. అంతకుముందు నేను ఎప్పుడూ గిజిగాడి పక్షమే, పైకి చెప్పకపోయినా. ఆ రోజు తర్వాత రెంటినీ తూచడం నాకు చేతకాలేదు. పదిహేను రోజులకు బోదె మీది తాడిచెట్లకు కొత్త గూళ్లు మొదలయ్యాయి. వరి కుళ్లిపోయింది కదా, ఆ ఏడు తాటాకు చీలికలతో, కొబ్బరాకు చీలికలతో అల్లాయి. గూళ్లు ఎప్పటిలా ఆకుపచ్చగా కాక, ముతకగా, పాలిపోయి ఉండేవి.

ఈ రెంటి గురించీ చదివినప్పుడల్లా నాకు ఆ గట్టే గుర్తొస్తుంది. ముంగిసల్లోనే చిన్న రకాన్ని 1872లో మన దేశం నుంచి జమైకాకు పట్టుకెళ్లారు, చెరకు తోటల్లో ఎలుకల్ని చంపుతుందని. 1883లో హవాయి దీవుల్లోనూ వదిలారు. ఎలుకలేమో ఎక్కువగా రాత్రి తిరుగుతాయి, ముంగిసేమో పగలు. ఎలుకలు అంతరించలేదు, నేల మీద గూడు పెట్టుకునే పక్షుల గుడ్లు మాత్రం పోయాయి. ఆ పక్షులు ముంగిసను ఎన్నడూ చూసి ఎరగవు. మా గిజిగాడు ఎరుగును. నీటి మీదికి వంగిన ఆకు కొనకు గూడు కట్టి, కింద నుంచి గొట్టం దించడం ఊరికే నేర్చుకున్న విద్య కాదు. ముంగిసలూ పాములూ ఉన్న నేల మీద, వాటితో కలిసి బతుకుతూ నేర్చుకున్నది. తాతయ్య ముంగిస లేకపోతే నాయనమ్మ మెచ్చిన అల్లికా ఉండేది కాదేమో అని నాకు అనిపిస్తుంది. ఈ మాట వాళ్లిద్దరూ ఉండగా తోచి ఉంటే బాగుండేది.

1996 నవంబరు 6 రాత్రి తుపానుకు మా కొబ్బరితోట సగానికి పైగా నేలకొరిగింది. బోదె మీది తాడిచెట్లలో ఎక్కువ నిలబడ్డాయి. వాటిని తర్వాత మనుషులే కొట్టేశారు. చేలు చేపల, రొయ్యల చెరువులయ్యాయి. చెరువు గట్లను యంత్రంతో చెక్కి, గడ్డి మొలకెత్తకుండా ఉంచుతున్నారు, నీటి మీద పక్షులు వాలకుండా దారాలు, వలలు కట్టారు. కట్టినవాళ్లను నేను తప్పుపట్టలేను, అప్పుల లెక్క వాళ్లది. కానీ ఎలుక లేని గట్టు మీద ముంగిసకు పని ఏముంది? వరి ఆకు లేని చోట గిజిగాడు దేన్ని చీల్చుకుంటుంది?

మొన్న శ్రావణంలో వెళ్లాను. మురుగుకాలువ దగ్గర, ఇంకా వరి వేస్తున్న నాలుగు చేల మధ్య, ఒకే ఒక్క తాడిచెట్టు ఉంది. పదకొండు గూళ్లు. నాలుగు సగంలో ఉన్నవి. చాలాసేపు నిలబడ్డాను. పసుపు నెత్తి పిట్ట ఒకటి పోచ తెచ్చి, దూర్చి, తిప్పి, లాగి బిగించింది. ముంగిస మాత్రం కనిపించలేదు. గేదెల్ని మేపుతున్న కుర్రవాణ్ని అడిగితే, ఈ మధ్య చూడలేదండీ అన్నాడు.

రాత్రి మా పిన్ని ఇంట్లో పడుకున్నాను. తెల్లవారి, ఎండ పొడ పడ్డాక, దొడ్లో కోడి ఒకటే కూత. లేచి వెళ్లేసరికి గాదె పక్కన గుడ్డు ఒకటి పడి ఉంది, తెల్లగా, నిండుగా. చేతిలోకి తీసుకుంటే దూదిలా తేలిపోయింది. కొన దగ్గర చిన్న చిల్లు. వెనుకే వచ్చిన పిన్ని అది చూసి, నడుం మీద చెయ్యి వేసుకుని, ఏటిగట్టు వైపు తిరిగి, "దీని మూతి కాలిపోను!" అని మొదలుపెట్టింది. పిన్ని ఆపేవరకూ ఆ పెంకు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాను.